పిడుగు పుట్టినరోజు అను ‘వద్దండీ’ విజయము

సూర్యభగవానుడు ఆదివారం కదా అని తాపీగా లేచి, మేడల మీది నీళ్ళ ట్యాంకుల చాటునుంచి ఆవులిస్తూ తొంగిచూసే శుభవేళ, ఆరేసిన బట్టలే జయపతాకలై రెపరెపలాడే ఐదంతస్తుల సౌధరాజంలో, మూడో అంతస్తున, కాఫీ మరకల గుడ్డ పరిచిన భోజనాల బల్ల చుట్టూ మహామంత్రాంగ సభ ఒకటి కొలువుతీరింది. కార్యం సామాన్యమైనది కాదు. ముందుపన్ను ఊడిన ముగ్ధ, అల్లరిమూకల అధినాయిక, పిడుగు అనే ముద్దుపేరుతో చుట్టుపక్కల వీధులన్నిటా పేరుమోసిన బాలిక ఏడో ఏట అడుగుపెట్టబోతోంది. ఆ పండగకు వచ్చే పిల్లలంతా ముసుగులు పెట్టుకుని, మెడకు కేపులు కట్టుకుని సూపర్‌హీరోలుగానే రావాలని ఆమె శాసనం.

సభాధ్యక్షుడు ఆమె తండ్రి. లిఫ్టులు బాగుచేయడం ఆయన వృత్తి. ఆ పరాక్రమం ఏమని వర్ణించడం! ఇరవయ్యో అంతస్తు దగ్గర, కాళ్ళకింద చీకటి నోరు తెరుచుకుని ఉండగా, నడుముకు కట్టిన ఒక్క తాడును నమ్ముకుని, కూనిరాగం తీస్తూ బోల్టులు బిగించే అంతరాళవిహారి, గ్రీజుచర్చితబాహుదండుడు, అంతస్తుల మధ్య ఇరుక్కుని అలమటించే ఆర్తజనులపాలిటి ఆపద్బాంధవుడు. అంతటి వీరుడికి ఈ భూమండలంలో భయమన్నది ఒక్కరి దగ్గరే. ఆవిడే ఆయన అత్తగారు. బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఆ పూజ్యురాలు పెళ్ళినాటి నుంచీ ఆయన్ని ఎంతో మర్యాదగా “అల్లుడుగారూ” అనే పిలిచేది. ఆ పిలుపు వినబడితే చాలు, ఆయన వెన్నెముక దానంతటదే నిటారుగా లేచేది. ఆవిడ మాటకు “అలాగేనండీ” తప్ప మరో జవాబు ఉంటుందని ఆయన ఎరగడు.

బెలూన్ల రంగు, కేకు ఆకారం ఖాయమయ్యాయి. సభ ముగియబోతుండగా పిడుగు బల్ల మీద అరచేత్తో చరిచింది.

“అందరూ హీరోలే అయితే మేం ఎవర్ని కొట్టాలి?”

సభ స్తంభించింది. బిస్కెట్టు ముంచబోతున్న చేతులు టీకప్పుల మీద నిలిచిపోయాయి. అందరి చూపూ పిడుగు మేనమామ మీద పడింది. వ్యాయామశాలలో శిక్షకుడతడు, కండలు కొండలుగా గల కాయశాలి.

“నావైపు చూడకండి బావా,” అన్నాడు కాయశాలి చేతులు అడ్డంగా ఊపుతూ. “నాకు జిమ్‌లో ఒక పేరుంది. చిన్నపిల్లలు నన్ను చితకబాదే వీడియో బయటికొస్తే రేపు నా మొహం చూసి ఎవడైనా బరువులెత్తుతాడా?”

“నన్నడక్కండి. నేను కేకు చూసుకోవాలి,” అంది పిడుగు తల్లి.

“పోనీ, నేనుంటాను,” అన్నాడు తండ్రి ఉదారంగా.

పిడుగు ఆయన్ని ఎగాదిగా చూసింది. “వద్దు నాన్నా. నిన్ను చూస్తే ఎవరికీ భయం వెయ్యదు.”

ఆ వాగ్బాణం గురితప్పలేదు. వీరుడు కుర్చీలో కాస్త కుంగాడు. అప్పుడే వంటింటి గుమ్మంలో గాజుల చప్పుడయింది. చేయి తుడుచుకుంటూ నిలబడి ఉంది అత్తగారు.

“నేనున్నాగా,” అంది.

ఆ వారమంతా ఆ ఇంట అపూర్వమైన సన్నాహం సాగింది. నల్లశాలువా ఇస్త్రీ అయింది. అట్టముక్కలు కత్తిరించి కొమ్ములు తయారయ్యాయి. పొద్దున్నే బాత్రూం తలుపు గడియ పెట్టుకుని ఆవిడ వికటాట్టహాసం సాధన చేస్తుంటే, పక్కవాటా వాళ్ళు వచ్చి కులాసాయేనా అని అడిగిపోయారు.

తుదకు ఆ మహాదినం రానే వచ్చింది. సాయంకాలం తలుపు తెరిచీ తెరవగానే హీరోలు వరదలా వచ్చిపడ్డారు. కంటిచూపుతో మంచు కురిపించేవాడు, గోడల్లోంచి నడిచే ప్రయత్నంలో నుదుట బొప్పి కట్టించుకున్నవాడు, మాయమైపోయానని ప్రకటించి అందరి కాళ్ళకూ అడ్డంపడే పిల్ల, ఇంకా ఎందరెందరో! వారి నడుమ, వెండిరంగు కేపు రెపరెపలాడించుకుంటూ, చెయ్యి చాచి “ఆగు!” అంటే ఎంతటివాడినైనా ఆపగల దివ్యశక్తి గల పిడుగు. సోఫాలు కూలాయి, దిండ్లు ఎగిరాయి, కర్టెను ఒక పక్కకు ఒరిగింది.

అప్పుడు గదితలుపు తెరుచుకుంది. శాలువా, కొమ్ములు, ముక్కు చివర కళ్ళజోడు, కుడిచేత స్టీలు స్కేలు. సాధన చేసిన అట్టహాసం ఆవిడకు అవసరమే పడలేదు. ముప్పయ్యేళ్ళు తరగతి గదులను గడగడలాడించిన గొంతుతో ఒక్క మాటే అంది.

“ఏమిటా గోల?”

విశ్వరక్షకులంతా కొయ్యబొమ్మలయ్యారు.

“చెప్పులు వరసగా పెట్టండి. నువ్వు, ముక్కు తుడుచుకో. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. కేకు నా అధీనంలో ఉంది. రెండో ఎక్కం అప్పచెప్పినవాళ్ళకే ముక్క!”

క్షణంలో వరస ఏర్పడింది. మంచు కురిపించేవాడు చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. మాయమైన పిల్ల ఇక మాయం కాకుండా ఉండలేక బల్లకింద దూరింది. అందరికన్నా వెనక, అందరికన్నా పొడుగ్గా, కాయశాలి కూడా నిలబడి ఉన్నాడు. “రెండారుల పన్నెండు, రెండేళ్ళ పద్నాలుగు,” అని పెదవులు కదుపుతున్నాడు.

పిడుగు ఒక్కతే లొంగలేదు. ముందుకు దూకి అరచెయ్యి చాచింది. “ఆగు, రాక్షసీ!”

అమ్మమ్మ ఆ చేతిని పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. “గోళ్ళు తీసుకోలేదేం?”

వెండి కేపు వాలిపోయింది. పిడుగు కింది పెదవి వణికింది. ఆ వణుకు గోడకు ఆనుకుని నిలబడ్డ తండ్రి కంటపడింది. ఆయన హృదయకుహరంలో సింహనాదం ఒకటి బయలుదేరింది.

“ఓరి భీరుహృదయమా! తెగిన తీగెలకు, పేలిన ఫ్యూజులకు చలింపని నీవు ఒక్క స్టీలు స్కేలునకు వెరచుటయా? ఏనుగంత యంత్రమును ఎత్తి నిలిపిన ఈ బాహువులు కళ్ళజోడు మీదుగా ప్రసరించు ఒక్క చూపునకు వడలుటయా? కన్నకూతురి పెదవి కంపించుచుండ, కేకుపై క్రీము కరగి కారుచుండ, గోడకు తోడుగా నిలుచుట వీరధర్మమా? కదలుము! పలుకుము!”

అలా లోలోపల గర్జించి, ఒక అడుగు ముందుకు వేసి, బయటికి ఇలా అన్నాడు:

“అత్తయ్యగారూ… మరీ… ఎక్కాలు… వద్దండీ.”

గోడగడియారం గతుక్కుమంది. పిడుగు తల్లి చేతిలో ప్లేట్లు గలగలమన్నాయి. కాయశాలి రెండెనిమిదుల దగ్గర ఆగిపోయాడు.

“ఏమన్నారు అల్లుడుగారూ?”

వెన్నెముక అలవాటుగా నిటారైంది. ఈసారి ఆ నిటారుతనం ఆయనకు అక్కరకొచ్చింది. “వద్దన్నానండీ. వాళ్ళు హీరోలు. ఎక్కాలు రాకపోయినా ఫరవాలేదు. కేకు ఇచ్చెయ్యండి.”

ఆవిడ చేతిలోని స్కేలు బల్ల మీద పెట్టింది. తర్వాత కళ్ళజోడు తీసి, మడిచి, జాగ్రత్తగా అలమార మీద పెట్టింది. శాలువా సర్దుకుంది. వెనకాల సోఫా ఎంత దూరంలో ఉందో ఓరకంట చూసుకుంది. చటుక్కున గుండె పట్టుకుని, “హా! హతురాలినైతిని!” అని ఇల్లంతా మారుమోగేలా అరిచి, సోఫా మీదికి వెల్లకిలా కూలింది.

హీరోలకు ప్రాణం లేచొచ్చింది. దిండ్లు వడగళ్ళలా కురిశాయి. కొమ్ములు ఊడిపడ్డాయి. దిండ్ల కింది నుంచి ప్రతినాయిక గొంతు వినిపించింది.

“అమ్మయ్య! ఎంతసేపర్రా ఎదురుచూడ్డం? ఒక్కడూ నోరు మెదపడే! ఎదురు తిరిగేవాళ్ళు లేకపోతే నేను ఓడిపోయేదెలా?” కాసేపాగి, “బాగా పడ్డానా అల్లుడుగారూ?” అంది.

“బ్రహ్మాండంగా పడ్డారండీ.”

పిడుగు పరుగున వచ్చి తండ్రి కాలు చుట్టేసింది. “నాన్నా, నిన్ను చూసి అమ్మమ్మ పడిపోయింది!” అంది నమ్మలేనట్టు. ఇరవయ్యో అంతస్తులో తొణకనివాడికి అక్కడ, నేలమీద నిలబడి ఉండగా, కాస్త కళ్ళు తిరిగాయి.

కేకు తెగింది. ముక్కులకు, ముసుగులకు, కర్టెనుకు కూడా వాటా దక్కింది. విజేత పీకలదాకా తిని కూర్చున్నాడు. అత్తగారు, చెదిరిన జుట్టుతోనే, ఇటుకంత ముక్కను ఆయన ప్లేటు మీదికి తెచ్చింది.

“ఇది కూడా వేసుకోండి అల్లుడుగారూ.”

వీరుడు ప్లేటు వంక చూశాడు. అత్తగారి వంక చూశాడు. ఒక్కరోజున రెండు మహాయుద్ధాలు మానవమాత్రుడి వల్ల అవుతాయా? నాలుక అలవాటైన దారిలోనే బయలుదేరి “అలాగే…” దాకా వచ్చింది. అక్కడ, ప్రాణాలకు తెగించి, ఆయన దాన్ని ఆపాడు.

“సగం చాలండీ.”

ఆవిడ కత్తి పైకెత్తింది. ముక్కను మధ్యకు కోసింది. సగమే వేసింది.

దిక్కులారా, వినండి! మేడల మీది ట్యాంకులారా, వినండి! సగమే వేసింది!