నాలుగో వాక్యం

పులివాగు పట్టణంలో ఉగాది ముందురోజు సాయంత్రం ఐదు గంటలలోగా మనం ఎవరికి శుభాకాంక్షల కార్డు పంపమో, పండగ తెల్లవారేసరికి వాళ్ళు మన కంటికి కనబడటం మానేస్తారు. వాళ్ళ మాట వినబడదు, చేతిరాత కూడా కనబడదు. మళ్ళీ ఉగాది దాకా అంతే. మనిషికి పన్నెండు కార్డులు. పదమూడోది కావాలంటే, ఉన్న పన్నెండు మందిలో ఎవరిని మానుకుంటారో రాసి ఇమ్మంటారు.

కుర్చీలో కూర్చునే ఉద్యోగులకు మినహాయింపు ఉంది. వాళ్ళు కార్డు లేకుండానే అందరికీ కనబడతారు. అర్జీ చేతిలో ఉన్నంతసేపు అర్జీదారులు వాళ్ళకు కనబడతారు.

ఊరు దీనికి ఎప్పుడో అలవాటు పడింది. ఖాళీ దారిలో భుజానికి ఏదైనా తగిలితే "ఎవరోలే" అని తప్పుకుంటారు. పాలకేన్లు తగిలించుకున్న సైకిలు దానంతట అదే గుమ్మం ముందు ఆగుతుంది. పార దానంతట అదే మురుగుకాలవలో దిగి బురద ఎత్తి గట్టున పోస్తుంది. తెల్లవారగానే చీపుర్లు వాటంతట అవే వీధులు ఊడుస్తాయి. ఊడ్చేవాళ్ళకు కార్డు పంపాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. పన్నెండూ చుట్టాలకే చాలడం లేదు. పరిశుభ్రత పోటీలో పట్టణానికి మూడుసార్లు మొదటి బహుమతి వచ్చింది. మూడోసారి సభలో చైర్మన్‌గారు, మా ఊరు తనను తానే శుభ్రం చేసుకుంటుందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

గొల్లవీధిలో ఉండే మాణిక్యమ్మకు డెబ్బై రెండేళ్ళు. ఆమె పన్నెండో కార్డు ప్రతి ఏడూ ఎదురింటి మస్తాన్‌బీది. మస్తాన్‌బీ చీరలకు ఫాల్ కుడుతుంది. ఒంటరి మనిషి. నలభై ఏళ్ళుగా ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు.

ఈ ఏడు కొత్త ఉత్తర్వు వచ్చింది. కార్డు మీద అచ్చువేసిన పద్యం చెల్లదు, పంపేవాళ్ళు సొంత చేతిరాతతో నాలుగు వాక్యాలు రాయాలి. చుట్టాల కార్డులు పదకొండూ మాణిక్యమ్మ ఒక పూటలో ముగించింది. నాలుగో వాక్యంగా అన్నిటిలోనూ "మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి" అని రాసింది. మస్తాన్‌బీ కార్డు దగ్గర మాత్రం రెండు రోజులు పట్టింది. "వదినా, నీకు ఉగాది శుభాకాంక్షలు. కిందటేడు పచ్చడిలో ఉప్పెక్కువన్నావు, ఈసారి నువ్వే చూసి చెప్పు. మోకాలికి ఆ నూనె రాస్తున్నావా?" మూడయ్యాయి. నాలుగోది తోచలేదు. ఇంట్లో అందరినీ అడిగాననడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆఖరికి "ఇక సెలవు" అని రాసింది.

ఆ మాట ఆమె తన తండ్రి ఉత్తరాల్లో నేర్చుకుంది. ఆయన ప్రతి ఉత్తరమూ ఇక సెలవు అనే ముగించేవాడు. తర్వాత మళ్ళీ ఉత్తరం వచ్చేది. సెలవంటే మళ్ళీ వస్తుందనే అర్థమని ఆమె అనుకుంది.

పండగనాడు పొద్దున్నే ఆమె గిన్నెలో పచ్చడి పట్టుకుని వీధి దాటింది. మస్తాన్‌బీ ఇంటి తలుపు తీసే ఉంది. కుట్టుమిషన్ తొక్కుడుపలక దానంతట అదే ఆడుతోంది. ఆకుపచ్చ చీర సూది కింద నుంచి జరుగుతోంది. మాణిక్యమ్మను చూసి కాబోలు, మిషన్ ఆగింది. స్టూలు ఒకటి ఆమె వైపు జరిగింది. చేతిలోని గిన్నెను ఎవరో అందుకున్నారు.

"వదినా," అంది మాణిక్యమ్మ. "నీకు కార్డు పంపానే."

పచ్చడి గిన్నెలోంచి కొంచెం తగ్గింది. ఉప్పు సరిపోయిందో లేదో ఆమెకు తెలియలేదు.

పండగ సెలవు అయిపోయాక ఆమె అర్జీ రాసుకుని శుభాకాంక్షల కార్యాలయానికి వెళ్ళింది. గుమాస్తా గోవర్ధనం ఫైలు తీసి చూశాడు.

"మీ కార్డు సెలవుల విభాగానికి వెళ్ళిందమ్మా. మీరు సెలవు అడిగారు. ముగ్గురు ఆఫీసర్లు సంతకాలు పెట్టి మంజూరు చేశారు. పన్నెండు నెలలు."

"దేనికి సెలవు బాబూ?"

"ఆమెను చూడటానికి."

"అది ఉత్తరం చివర రాసే మాట నాయనా! ఎవరైనా రాస్తారు."

"అంత ప్రేమ ఉన్నవాళ్ళు సెలవెందుకు అడిగారమ్మా మరి?"

పక్క బల్ల దగ్గర టైపిస్టు తల ఎత్తింది. "మా ఆడబిడ్డకి నేను నాలుగు వాక్యాలూ సెలవనే రాశాను మామ్మగారూ. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!"

"నీకు హాయిగానే ఉంటుంది తల్లీ," అంది మాణిక్యమ్మ. "నాకీ ముండాకొడుకుల సెలవు వద్దు. రద్దు చేయండి."

రద్దుకు నియమం ఉంది. ఇద్దరూ కలిసి రావాలి. ఎదుటి మనిషి ఫలానా ఆమేనని అర్జీదారు కళ్ళారా చూసి, గుర్తుపట్టి సంతకం చేయాలి.

మర్నాడు మాణిక్యమ్మ ఖాళీ రిక్షాలో ఒక పక్కకు ఒదిగి కూర్చుని వచ్చింది. రిక్షా దానంతట అదే నడిచింది. బల్ల ముందు ఆమె అర్జీ పక్కన ఇంకో అర్జీ గాలిలో నిలబడింది.

"ఆవిడ వచ్చారు," అన్నాడు గోవర్ధనం. "చూసి గుర్తుపట్టండి."

"కనబడితే ఇక్కడికెందుకు వస్తాను?"

"చూడకుండా గుర్తుపట్టడం కుదరదమ్మా. రేపు ఇంకొకరెవరో వచ్చి నేనే మస్తాన్‌బీనంటే?"

"ఏమంటోంది బాబూ అది? ఏమైనా అంటోందా?"

గోవర్ధనం ఖాళీ వైపు చూశాడు. కాసేపు విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటున్నారు. కానీ ఒకరి మాట ఒకరికి చేరవేయడం మా పని కాదు. వచ్చే ఉగాదికి రండి. ఈసారి నాలుగో వాక్యం జాగ్రత్తగా రాయండి."

"నాకు డెబ్బై రెండు. దానికి డెబ్బై ఆరు. వచ్చే ఉగాదికి ఉంటామని రాసివ్వు, పోతాను."

"ఆ గడి ఫారంలో లేదమ్మా."

మాణిక్యమ్మ అర్జీని నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పడేసింది. చేతిలో అర్జీ లేకపోయేసరికి గోవర్ధనానికి కనబడటం మానేసింది. అతను ఆమె నిలబడినచోటు గుండా వెనకకు చూస్తూ తర్వాతి వాళ్ళని పిలిచాడు. ఆమె అరుస్తూ బల్ల చరిచింది. టైపిస్టు ఫ్యాను శబ్దం చేస్తోందని అంది.

బయట తలుపు దానంతట అదే తెరుచుకుని, ఆమె మెట్లు దిగేదాకా అలాగే ఆగింది. మోచేతి కింద ఒక చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు.

వీధి మలుపులో చీపురు ఒకటి దానంతట అదే ఊడుస్తోంది. డెబ్బై రెండేళ్ళుగా మాణిక్యమ్మ దాని పక్కనుంచే నడిచింది. ఇవాళ ఆగింది.

"ఏమ్మా, నీ పేరేంటి?"

చీపురు ఆగింది. జవాబు చెప్పే ఉంటుంది. మోచేతి కింది చెయ్యి కూడా అంతసేపూ కదలకుండా ఉంది. కాసేపటికి చీపురు మళ్ళీ పనిలో పడింది. పేరు లేనిదే కార్డు తీసుకోరు. మాణిక్యమ్మ, అందరిలాగే, కుప్ప చేసిన చెత్త మీద కాలు పడకుండా పక్కనుంచి తప్పుకుని ఇంటికి వెళ్ళింది.