మా గల్లీకొచ్చిన సముద్రం

మొన్న ఆగస్టు పద్నాలుగున, నేను వేడివేడి మక్క గారెలు తింటుండగా మెదక్‌కు సముద్రం వచ్చింది.

నవ్వకండి! బీచ్ చూడటానికి రాత్రంతా బస్సులో కూర్చుని విశాఖ వెళ్లేవాళ్లను తలుచుకుంటే నాకు జాలి. నా బీచ్ నా మంచం కిందే ఉంది. అలలు కావాలా? గల్లీలో ఒక్క ఆటో పోతే చాలు.

ఇక వన్యప్రాణులు! మెడలో కెమెరా వేసుకుని అడవుల వెంట తిరగాలా ఎవరైనా? నా స్కూటర్ సీటు మీద కొంగ ఒంటికాలిపై ధ్యానం చేస్తుంది. హారన్ కొట్టినా కదలదు. అచ్చం మా కాలనీ మనిషే! గిన్నె కడగబోతే కప్పపిల్లలు పలకరిస్తాయి. బాత్రూంలో ఒక నీళ్లపాము ఉంటుంది కాబట్టి తలుపు తట్టి లోపలికి వెళ్తున్నాను. పాపం, అది ఏనాడూ నన్ను తొందరపెట్టలేదు.

దోమల సంగతి వేరే చెప్పాలి. మా ఆవిడ పోయాక చెవి దగ్గర చేరి మాట్లాడేవాళ్లు లేరని దిగులుగా ఉండేది. ఇప్పుడు ఆ లోటు తీరింది. పైగా ఇవి చొక్కా మార్చుకోమని సతాయించవు!

ఇంత భాగ్యం ఊరికే వచ్చిందా? అంతా మా కాలనీ సంఘం చలవ. చెరువు పొంగి ఇళ్లమీదికి వస్తుందని భయపడి, ఆ వైపు అడ్డంగా సిమెంటు గోడ కట్టించారు. చెరువు మర్యాదగా తన చోటే ఉండిపోయింది. మా గల్లీలో పడిన వాననీళ్లే, ఎప్పట్లాగే చెరువుకు బయల్దేరి, గోడను చూసి వెనక్కి తిరిగి, మా ఇళ్లలో కూర్చున్నాయి.

సంఘం మీటింగులో ఉండబట్టలేక నోరు విప్పాను.

"పరమేశ్, గోడ కింద ఒక తూము పెడితే నీళ్లు పోతయి గదా?"

అధ్యక్షుడు పరమేశ్ నా అమాయకత్వానికి నొచ్చుకున్నాడు. "గా తూములకెల్లి చెరువు లోపటికి రాదా సార్?"

"చెరువు కిందికున్నది. పైకెట్లొస్తది?"

"మీరు సదువుకున్నోళ్లు సార్, మీకు సమజ్ కాదు. గోడ ఇంకో రెండు ఫీట్లు లేపుదాం!"

చప్పట్లు! సముద్రం లోతు పెరుగుతుందంటే ఎవరికి చేదు?

పక్కింటి సిరాజ్, మజీదాలకే కాస్త సౌందర్యదృష్టి తక్కువ. వాళ్ల మూడేళ్ల సానియాకు దోమల జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ప్రకృతిని ఆస్వాదించడం చేతకాక, కిరాయి ఇల్లు ఖాళీ చేసి రేపు పొద్దున్నే నర్సాపూర్ వెళ్లిపోతున్నారు.

పోతే పోనీ, నాకేం నష్టం? రోజూ చీకటి పడ్డాక, తలుపు వేసుకునే ముందు మజీదా గడపలో నిలబడి "అంకుల్, తిన్నరా?" అని కేకేస్తుంది. అంతే. తిన్నానంటే ఏం కూర అంటుంది. నేను తడబడతాను. రెండు రొట్టెలు గోడ దాటి వస్తాయి. ఇకమీదట హాయిగా అబద్ధాలాడుకోవచ్చు!

ఇవాళ కూడా అడిగింది. తిన్నానన్నాను. ఏం కూరని అడగలేదు. నిద్రపోతున్న పిల్లను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"పోకుంటే నడ్వదా బిడ్డా?"

"బచ్చీ పరేషాన్ అయితున్నది అంకుల్. చెరువు కాడి గోడ పలగొట్టిన నాడు ఫోన్ చెయ్యుండ్రి. గా దినమే వాపస్ వస్తం."

పిల్ల లేస్తుందని, తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.