పన్నెండు చుట్ల టైర్ల సంగ్రామం

పత్తిచేల ధవళకాంతులతో, మిర్చికల్లాల అరుణవర్ణంతో, బాటసారుల కంట నీరు తెప్పించే ఘాటైన గాలులతో విరాజిల్లే గుంటూరు సీమలో, లారీల హారన్లే భేరీనాదాలుగా మోగే జాతీయ రహదారి పక్కన, చిలకలూరిపేట పురవరానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక పత్తి మిల్లు కాంక్రీటు ప్రాంగణంలో, ఫాల్గుణ మాసపు ఒకానొక ఆదివారం, ప్రచండమార్తాండుడు నడినెత్తికెక్కిన వేళ, నాలుగు టైర్లకూ మరో నాలుగు టైర్లకూ మధ్య జరిగిన మహాసంగ్రామ గాథ ఇది.

ఆ రణభూమిలో నిలిచిన రథం చిన్నది. పైకప్పు లేదు, తలుపులు లేవు, ఒక్కరికి తప్ప చోటు లేదు. చక్రాలు నాలుగూ దేహానికి వెలుపల బట్టబయలుగా తిరుగుతాయి. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు మోటార్‌సైకిల్ ఇంజను తెచ్చి, ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసి, ఏడాదిపాటు వర్క్‌షాపులో తపస్సు చేసి కట్టుకున్న ఫార్ములా కారు అది. దాని సారథి శ్రీదివ్య, పొన్నూరు వరిరైతు బిడ్డ, పన్నెండో ఏటనే ట్రాక్టర్ స్టీరింగును లొంగదీసిన ధీర. నిరుటి కాలేజీల కార్ల పోటీలో, ఇంకా ఆరు చుట్లు మిగిలి ఉండగా, టైర్లు అరిగి కారు గడ్డిలోకి జారిపోయి ఆమె పరుగు అక్కడే ఆగిపోయింది. ఇది చివరి సంవత్సరం. మరో అవకాశం లేదు.

ఆమె సైన్యంలో ఇద్దరు మహారథులు. మృదుచక్రపక్షపాతి త్రినాథ్, కఠినచక్రపక్షపాతి చైతన్యకృష్ణ. మెత్తని రబ్బరు టైరు త్వరగా వేడెక్కి నేలను గట్టిగా పట్టుకుంటుంది, కాని త్వరగా అరుగుతుంది. గట్టిది ఆలస్యంగా వేడెక్కుతుంది, కాని కడదాకా నిలుస్తుంది. పోటీకి తీసుకెళ్లేది ఒక్క రకమే. కారు మర్నాడు ఉదయమే బయల్దేరాలి. ఈ ఒక్క విషయం మీద, ఒకే హాస్టల్ గదిలో ఉంటూ, ఆ మిత్రులిద్దరూ పదకొండు రోజులుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

కోపం వస్తే నాటకభాషలోకి దిగడం త్రినాథ్‌కు అలవాటు. అతడు పత్తి బేలెక్కి, చేయి చాచి, ఇలా పలికాడు: "ఓయీ కఠినచక్రవ్యామోహితుడా, మూడు చుట్లు తిరిగినా వేడెక్కని ఆ శిలాఖండములను నమ్మి మన సారథిని మలుపుల పాలు చేసెదవా? నా మృదుచక్రములు ధరణిని ఆలింగనము చేసుకొని పరుగెత్తును గదా."

"ఒరేయ్, మామూలుగా మాట్లాడు," అన్నాడు చైతన్యకృష్ణ. "నీ ఆలింగనం పది చుట్లకి వదిలేస్తే అప్పుడేంటి? పోయినేడు చూశాంగా."

శ్రీదివ్య హెల్మెట్ చేతిలో పట్టుకుని ఇద్దరి మధ్యకు వచ్చింది. "మీ వాదనలు నాకొద్దు. వీటి మీద పన్నెండు చుట్లు, వాటి మీద పన్నెండు. ఎవడి టైరుకి వాడే టైం తీస్తే నేను నమ్మను. చైతన్యా, త్రినాథ్ టైర్లకి నువ్వు తియ్యి. నీ వాటికి వాడు తీస్తాడు. నాలుగింటికి పత్తి లారీలొస్తాయంట, ఈలోపు తేలిపోవాలి."

శత్రువు కాలాన్ని శత్రువే కాపు కాయాలనే ఆ కఠోరనియమానికి ఇద్దరూ తల ఊపారు.

తొలుత మృదుచక్రాలు కదనానికి కదిలాయి. మొదటి చుట్టు మెరుపు, రెండోది పిడుగు. నాలుగో చుట్టులో మాత్రం ఏ సేనానీ ఊహించని ఉపద్రవం ఎదురైంది. వేడికి జిగురెక్కిన రబ్బరు, ఆ ప్రాంగణంలో రాలిన దూదినంతా ఆవురావురుమంటూ అంటించుకుంది. నల్లని చక్రాలకు తెల్లని గడ్డాలు మొలిచాయి. పట్టు తప్పిన రథం గిర్రున తిరిగి, దారికి గుర్తుగా పెట్టిన మూడు ప్లాస్టిక్ కోన్లను నేలకూల్చి ఆగింది.

త్రినాథ్ తల పట్టుకుని కూలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా ఆ మిల్లు ఊడుస్తున్న పున్నమ్మ, నీడలో కూర్చుని ఇదంతా చూస్తోంది.

"ఊడవకుండా ఎట్టా తోలదామనుకున్నారయ్యా?" అంది. "చీపుర్లు ఆ మూలున్నాయి."

"మీరు కాస్త ఊడుస్తారా అండీ?" అని త్రినాథ్ దీనంగా అడిగాడు.

"ఇయ్యాల ఆదివారం. నేను చూస్తా, మీరు ఊడవండి. ముందర నీళ్లు చల్లండి, లేపోతే దూది లేచి మళ్లీ అక్కడే పడుద్ది. ఈ ఎండకి పావుగంటలో ఆరిపోద్ది."

అంతట త్రినాథ్, శ్రీదివ్య చీపుర్లు ధరించి, పున్నమ్మ సేనాపత్యంలో, దూదిసైన్యాన్ని మూలమూలలకూ తరిమికొట్టారు. నేల ఆరేసరికి రెండున్నర అయింది. త్రినాథ్ వెనక్కి తిరిగి చూస్తే, చైతన్యకృష్ణ నేల మీద బాసింపట్టు వేసుకుని, స్క్రూడ్రైవరుతో మెత్తని టైర్లకు అంటిన దూదిని పోగు పోగుగా పీకుతున్నాడు. మూడు టైర్లు అప్పటికే నిగనిగలాడుతున్నాయి. త్రినాథ్ నాలుగో టైరు దగ్గర కూర్చుని తానూ పీకాడు.

మళ్లీ సమరం మొదలైంది. మృదుచక్రాలు ఆరు చుట్ల వరకు అజేయంగా సాగాయి. ఏడో చుట్టు నుంచి రబ్బరు పొరలు పొరలుగా లేచి రాలింది. పదో చుట్టులో వెనకభాగం జారడం దూరం నుంచే కనబడింది. చైతన్యకృష్ణ ఫోను చూసి ప్రకటించాడు: "ఐదు నిమిషాల ఆరు పాయింట్ నాలుగు సెకన్లు."

జాకీ ఎత్తి, టైర్లు మార్చి, కఠినచక్రాలను బిగించారు. మొదటి మూడు చుట్లలో అవి చలికి వణికే వృద్ధుల్లా తడబడ్డాయి. త్రినాథ్ ముఖం వెలిగింది. నాలుగో చుట్టు నుంచి మాత్రం కారు గీత గీసినట్టు తిరిగింది. ఐదోది ఎలాగో పదకొండోదీ అలాగే. పన్నెండో చుట్టు ముగిసి కారు గీత దాటగానే త్రినాథ్ ఫోను నొక్కాడు.

ఆ అంకెను చూసింది అతడొక్కడే. వేలు కాస్త ఆలస్యంగా పడి ఉంటే మారిపోయే అంకె. అర సెకను కలిపి చెబితే కాదనేవారు లేరు. పదకొండు రోజుల పంతం, పత్తి బేలెక్కి పలికిన ప్రగల్భాలు అన్నీ అతని నాలుక మీదికి వచ్చి నిలిచాయి. అతని లోపల జరిగిన ఆ మూడో యుద్ధం నాలుగు క్షణాలు సాగింది.

"ఐదు నిమిషాల ఆరు పాయింట్ ఒకటి," అన్నాడు. "నీదే రా."

చైతన్యకృష్ణ ఆ ఫోను చూపించమని అడగలేదు. "మొదటి మూడు చుట్లు నువ్వన్నట్టే చచ్చాయిరా," అన్నాడు. "పోటీకి ముందు వాటిని ఎట్టా వేడి చేయాలో నువ్వే చూడాలి."

"మూడు పదో వంతుల తేడాకా పదకొండు రోజులు మాట్లాడుకోలేదు మీరు?" అంది శ్రీదివ్య, హెల్మెట్ తీస్తూ. చెమటలో తడిసిన ఆమె ముఖం నవ్వుతోంది. "టైం సంగతి వదిలెయ్యండి. ఆఖరి మలుపులో నాకు భయమెయ్యలేదు. ఇవే తీసుకెళ్దాం."

ఇంతకూ ఒక సెకనులో మూడు పదో వంతులంటే, మిరపకాయ కొరికినవాడికి ఘాటు ఇంకా తెలియనంత వ్యవధి. అట్టి మహోన్నత, అమోఘ, అపూర్వ విజయం కఠినచక్రాలను వరించినదని, ఓడినవాడే స్వయంగా ప్రకటించినందున దీనిలో సందేహానికి తావు లేదని, ఇందుమూలముగా అష్టదిక్కులకూ చాటడమైనది.