గంట మోగని వార్డు

జీతాల ఖర్చు తగ్గించాలని ఆ పల్లెటూరి ఆస్పత్రికి కొత్త మేనేజరు వచ్చాడు. నర్సుల పనిగంటలు ఎంత కొలిచినా అంతుచిక్కక, చివరికి రోగులు నొక్కే పిలుపుగంటలు కొలవడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి లెక్క తేలింది: మగవాళ్ల వార్డులో రెండు వందల పన్నెండు మోతలు, ఆడవాళ్ల వార్డులో ఏడు.

"ఏడు మోతలకి ఒక సిస్టరెందుకండీ?" అని ఆ ఉదయం పెద్ద డాక్టరుని అడిగాడు. "ఇవాళొక్క పూట ఆవిణ్ణి మందుల గదిలో కూర్చోబెట్టి చూస్తా. ఇబ్బంది లేకపోతే వచ్చే నెల నుంచి ఆ పోస్టు తీసేద్దాం."

పదహారేళ్లుగా ఆ వార్డే లోకమైన సిస్టరు మాత్రలు సర్దడానికి వెళ్లింది. మేనేజరు లెక్కల పుస్తకం పట్టుకుని ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు.

ఎనిమిదింటికి మొదటి మంచం పెద్దమ్మ గంట నొక్కింది. "నీళ్లు, నాయనా." ఆయన ఉత్సాహంగా రెండు గ్లాసులు తాగించాడు. ఇరవై నిమిషాలకి ఆ రెండు గ్లాసుల ఫలితంగా మళ్లీ గంట. బెడ్‌పాన్ పెట్టే ఆయా కోసం ఆయన పరిగెత్తాడు. ఈలోగా రెండో మంచంలో సెలైన్ అయిపోయింది, గంట. ఎవరూ రాకపోయేసరికి గంట పాడైందేమోనని మూడో మంచం ఆవిడ తనది నొక్కి చూసింది. అందరూ నొక్కుతున్నారంటే ఏదో పంచుతున్నారనుకుని నాలుగో ఆవిడా నొక్కింది. ఈ మోతకి మగవాళ్ల వార్డు సిస్టరు పరుగున వచ్చింది; వెనకాలే ఆవిడ వార్డూ మోగింది.

పదకొండింటికి పెద్ద డాక్టరు వచ్చేసరికి మేనేజరుకి ఒక చేతిలో బెడ్‌పాన్, ఇంకో చేతిలో దుప్పటి. పొద్దున ఏడు చూసి నవ్విన మనిషికి ఇప్పుడు ఏడుపొక్కటే తక్కువ.

"ఏంటయ్యా ఇది?"

"నెలకి ఏడు కొట్టినవాళ్లు సార్, ఒక్క పూటలో నలభై మూడు. ఆ సిస్టరే చెప్పి కొట్టిస్తోంది."

పెద్దమ్మ లేచి కూర్చుంది. "ఎవరూ చెప్పలేదు బాబూ. ఆ అమ్మాయి అరగంటకోసారి తనే మంచం మంచం తిరుగుతుంది. నీళ్లందుతున్నాయా, బాత్రూంకెళ్లాలా, నొప్పుందా, దిండు సర్దనా అంటుంది. అడక్కుండానే అన్నీ అయిపోతుంటే ఇంక గంటెందుకు కొడతాం?"

వార్డంతా తలూపింది. మగవాళ్ల వార్డు సిస్టరు మాత్రం కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆవిణ్ణి పిలవండి. ఇకనుంచి రెండు వార్డుల్లోనూ ఆవిడ పద్ధతే," అన్నాడు డాక్టరు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అవునూ, పొద్దుట్నించీ నువ్విక్కడే ఉన్నావు కదా. నీ గదికి నీకోసం ఎవరన్నా వచ్చారా?"

మేనేజరు కాస్త ఆలోచించాడు. "లేదు సార్."

"ఊఁ, నీ లెక్కన ఆ పోస్టు సంగతీ చూడాలి," అని డాక్టరు వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి మేనేజరు తన గది తలుపు తీసే ఉంచుతున్నాడు.