బుధవారం ప్రోగ్రాము

నన్ను చేతకానివాడంటే ఒప్పుకుంటాను గానీ, రెస్టు రోజున ఫ్యాన్లు తుడిచేవాడంటే మాత్రం ఒప్పుకోను. టాటానగర్ రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే ఈ జగ్గారావుకి వారానికి ఒక్క బుధవారమే సొంతం. దాని మీద మా ఆవిడ రమాదేవి కన్ను పడింది.

అందుకే దగ్గర్లోని బర్మామైన్స్ పేటలో ఒక సర్కారు బడికి వెళ్లి, బుధవారాలు పిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఉచితంగా నేర్పుతానని పేరిచ్చేశాను.

"రిమోట్‌లో సెల్లు మార్చడం రాదు, మీరు కంప్యూటర్ చెప్తారేటి?" అంది మా ఆవిడ.

"దేశసేవ. అడ్డుపడకు."

"దేశంలో దుమ్మంతా మన ఫ్యాన్ల మీదే ఉంది. ఆ సేవేదో ఇక్కడే చెయ్యండి."

"నాకు రెస్టొద్దేటి?"

"మీకు బుధవారం. మరి నాది ఏ వారం?"

నేను చెప్పులేసుకున్నాను.

బడిలో కంప్యూటర్లు రెండు. ఒకటి పోయింది, రెండోది పోయేలా ఉంది. నేను తగ్గుతానా? "నేనే మషీన్‌ని. కాగితం మీద వరసగా ఆర్డర్లు రాయండి. రాసింది రాసినట్టు చేస్తాను. మషీన్ కాదనదు" అన్నాను. పిల్లలు నన్ను నడిపించారు, గెంతించారు, గోడకు గుద్దించారు.

నాలుగో బుధవారం మా ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి, కిటికీలోంచి అరగంట చూసింది. తర్వాత ముందు బెంచీలో హాసిని పక్కన చేరింది. ఆ పిల్ల ఆరో క్లాసు. తెలుగులో అడిగితే హిందీలో బదులిచ్చే రకం.

"అమ్మా, ఈ మషీను మా ఇంట్లో కూడా పని చేత్తాదేటి?"

"కరేగా ఆంటీ. బస్, లిఖ్‌నా పడేగా."

చేస్తుందట, రాస్తే చాలట.

మరుసటి బుధవారం పదిమంది పిల్లలు మా క్వార్టర్లో దిగారు. ప్రాక్టికల్స్ అట. హాసిని కాగితం చదివింది: "స్టూలు ఎక్కు. ఫ్యాను తుడువు. ఫ్యాన్లన్నీ అయ్యేదాకా ఆగకు. నడుం నొప్పి అంటే వినకు."

చివరి లైను ఎవరు రాశారో దస్తూరీ చూడకుండానే తెలిసింది.

పిల్లల ముందు మషీన్ పరువు పోకూడదు కదా. మూడు ఫ్యాన్లు తుడిచి, నాలుగో దాని కింద బొమ్మలా బిగుసుకుపోయాను. "హ్యాంగ్ అయింది" అన్నాను, పెదవి కదపకుండా.

"ఇరవయ్యేళ్లుగా ఇదే రోగం" అంది రమాదేవి.

"కోయీ బాత్ నహీ ఆంటీ," హాసిని తాపీగా అంది. "బంద్ కర్‌కే చాలూ కరో. పహ్‌లే లైన్ సే."

ఆపి మళ్లీ మొదలెట్టాలట, మొదటి లైను నుంచి. అంటే మొదటి ఫ్యాను నుంచి.

"అది తుడిచేశానే."

"మషీన్ కో క్యా పతా, సర్?" మషీనుకేం తెలుస్తుందట.

రమాదేవి కుర్చీ తెచ్చుకుని కాళ్లు చాపుకుంది. పట్టపగలు ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఇయ్యేళ నాకు రెస్టండీ" అంది.

ఓడిపోయాననుకోకండి. స్టూలెక్కి ఎడం చేత్తో తుడవడం మొదలుపెట్టాను. ఏ చేత్తో తుడవాలో కాగితంలో లేదు మరి.

హాసిని పెన్సిలు తీసింది.