మీటర్లో ఎర్రచుక్క

తల్లి అమ్మచ్చి పోయిన మర్నాడు పొద్దున్నే వర్కీ చేసిన మొదటి పని, ఒక అట్టముక్క మీద "ఈ ఇంట్లో ఎవరూ ఏ ప్లగ్గూ పెట్టరాదు" అని రాసి వీధి తలుపుకు తగిలించడం. రెండో పని ఏడవడం. వరండా చివర నిలబడి, ఎవరూ చూడకుండా, ఒక బీడీ కాలినంతసేపు ఏడ్చి అదీ ముగించాడు.

వర్కీ ముప్ఫయ్యొక్క ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి. కైతమూల ఊళ్ళో ఏ ఇంటి మీటరు ఎంత లాగుతుందో ఆ ఇంటి ఇల్లాలికన్నా అతనికే బాగా తెలుసు. క్రిస్మస్ నెల వచ్చిందంటే గడపగడపకూ వెళ్ళి, "తీగకూ ఓ కడుపుంటుంది. పట్టినంతే పెట్టాలి" అని చెప్పేవాడు. విన్నవాళ్ళు బుద్ధిగా తలూపి, అతను గేటు దాటగానే ఇంకో నక్షత్రం తగిలించేవాళ్ళు.

ఈసారి ఆ మాట అతని సొంత గడపకే వచ్చింది. తొంభై మూడేళ్ళ తల్లి ముందుగదిలో, అద్దాల ఫ్రీజర్ బాక్సులో పడుకుని ఉంది. చెల్లెలు సిస్టర్ ఫ్లావియా ఎక్కడో దుమ్కా కాన్వెంటు నుంచి రైల్లో వస్తోంది. రేపు పొద్దున ఎనిమిదింటికి గాని చేరదు. పదింటికి సమాధి. అది దాటితే పండుగ అయ్యేదాకా మట్టి తవ్వేది లేదని ఫాదరు ఖండితంగా చెప్పేశాడు.

"నేనొచ్చి ముద్దు పెట్టుకునేదాకా అమ్మను మూయకు అన్నయ్యా" అంది చెల్లెలు ఫోనులో. మూత పడేముందు కన్నబిడ్డలు నుదుటి మీద పెట్టే చివరి ముద్దు అది. దానికోసం పదిహేడేళ్ళ తర్వాత ఊరికి వస్తోంది. అందాకా ఆ పెట్టె చల్లగా ఉండాలి. వర్కీకి లోకంలో ఇంకే పనీ లేదు.

పెట్టె తెచ్చింది కుంజప్పన్. పెళ్ళి పందిరి, మైకు, పండుగ దీపాలు, చావు పెట్టె, నాలుగూ ఒకే కొట్లో అద్దెకిస్తాడు. అందువల్లనో ఏమో పెట్టె మూత అంచుకు కూడా ఎర్రవీ పచ్చవీ బుల్లి బల్బులు అతికించాడు. నిన్న అతనొచ్చి పెట్టె దింపేటప్పటికి వర్కీ సమాధుల దొడ్డిలో గుంత కొలతలు చూపిస్తున్నాడు.

"ఆ బల్బులేమిటయ్యా అసహ్యంగా, తీసెయ్యమననా?" అంది భార్య త్రేస్యామ్మ.

"వెలగనియ్. పెట్టె నడుస్తోందని తెలుస్తుంది" అన్నాడు వర్కీ. గదిలో గోడకున్న ప్లగ్గుకు నల్లటేపు నాలుగు చుట్లు చుట్టి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఓ దండం కూడా పెట్టాడు.

తొమ్మిదింటికి వంటింట్లోంచి ఆవిరి వాసన వచ్చింది. పొరుగింటి ఏలమ్మ కరెంటు కుక్కరు పెట్టి గంజి కాస్తోంది.

"చావింట్లో పొయ్యి వెలిగించకూడదని నీకు తెలీదా ఏలమ్మా?"

"ఇది పొయ్యా? నిప్పుందా, బూడిదుందా? కావాలంటే ఫాదరునడుగు."

"నిప్పు తీగలో ఉంది" అని వర్కీ ప్లగ్గు లాగేశాడు. ఉడికీ ఉడకని గంజిని వచ్చినవాళ్ళు చావింటి మర్యాదకు నోరెత్తకుండా తాగారు.

పదకొండింటికి ప్రార్థన పాటలవాళ్ళు మైకుపెట్టెతో వచ్చారు. "అమ్మచ్చి బతికున్నప్పుడే చెవిటిది. ఇప్పుడు మైకెందుకు?" అన్నాడు వర్కీ. వాళ్ళు మొహాలు మాడ్చుకుని ఉత్త గొంతులతో పాడారు. ఆ తర్వాత గోడలకు ఛార్జింగుకు వేలాడుతున్న ఫోన్లు ఏడు, త్రేస్యామ్మ అక్కగారి ఫ్యాను ఒకటి లాగేశాడు. ఆ అక్కగారు అతని బావమరిది దగ్గర, "తల్లి పోతే మతి పోయింది పాపం" అంది. "అంతకు ముందుందా?" అన్నాడు బావమరిది.

ఒక్కో ప్లగ్గు లాగినప్పుడల్లా వర్కీ వెళ్ళి వరండాలో మీటరు చూసేవాడు. అందులో ఎర్రచుక్క ఒకటి మినుకుమంటుంది. ఇల్లు ఎంత తింటే అంత గబగబా. పొద్దున గుండెదడలా కొట్టుకున్న చుక్క మధ్యాహ్నానికి నిద్రపోయేవాడి ఊపిరిలా నెమ్మదించింది. రెండు రోజుల్లో అతని మొహంలో కాస్త తేటదనం కనిపించింది అప్పుడే.

మూడింటికి వార్డు పెద్ద తొమ్మచ్చన్ వచ్చాడు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. వర్కీ వాకిట్లో వార్డువాళ్ళు కట్టిన క్రిస్మస్ పశువులపాక, యేసు పుట్టిన చోటి నమూనా, ఉంది. ఏటా అక్కడే కడతారు. బాలయేసును గడ్డి మీద పడుకోబెట్టడం పంతొమ్మిదేళ్ళుగా అమ్మచ్చి చేతి మీదే జరిగింది. చర్చి తరఫున పాకలకు మార్కులు వేసేవాళ్ళు ఈ సాయంత్రం ఆరున్నరకు వస్తారు.

"పది నిమిషాలు వెలిగించుకుంటాం వర్కీ చేట్టా. వాళ్ళు చూసి పోగానే ఆపేస్తాం. అమ్మచ్చి ఆత్మ కూడా సంతోషిస్తుంది."

"ఎన్ని దీపాలు?"

"బుల్లి బల్బులో రెండువేలు. అవి ఏం తింటాయి, చీమలు!"

"ఇంకా?"

తొమ్మచ్చన్ కాలి బొటనవేలితో ఇసుక గీశాడు. "కుంజప్పన్ పాత ఫోకస్ దీపాలు నాలుగు. ఒక్కోటీ వెయ్యి వాట్లు. జలపాతం మోటారు. ఎగిరే దేవదూతకు ఇంకో మోటారు."

"మా అమ్మ ఇంకా నేలలోకి దిగలేదు, నీకు దేవదూత ఎగరాలా?"

"తొమ్మిదో వార్డువాళ్ళు మోటారుతో ఒంటెను నడిపిస్తున్నారట!" అన్నాడు తొమ్మచ్చన్ ఏడుపు గొంతుతో. ఆ రోజు ఆ ఇంట్లో అంత నిజమైన ఏడుపు మరొకటి వినపడలేదు.

పాక తీగలన్నీ పెరట్లో నూతి మోటారు గుడిసెలోకి పోతాయి. వర్కీ అక్కడికి వెళ్ళి, గోడకున్న ఫ్యూజు కటౌటు పీకి ముండు పంచె మడతలో దోపుకున్నాడు. ఇంక ఎవడు ఏ స్విచ్చి వేసినా వెలగదు. తొమ్మచ్చన్ వెళ్ళి అన్ని స్విచ్చులూ వేసి చూశాడు. వెలగలేదు. కోపంతో వాటిని అలాగే వదిలేసి వచ్చాడు.

చీకటి పడే వేళకు ఇల్లు సద్దుమణిగింది. ముందుగదిలో కొవ్వొత్తులు, పెట్టె అంచున ఎర్రవీ పచ్చవీ బల్బులు. వర్కీ మీటరు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. చుక్క వెలగలేదు. కాసేపు చూశాడు. ఇంకా వెలగలేదు. రెండో బీడీ ముట్టించబోతుంటే ఒక్కసారి మినుక్కుమంది.

"త్రేస్యా, చూడవే. ఇంత పొదుపుగా నడిచే ఇల్లు జిల్లాలో ఇంకోటుండదు."

త్రేస్యామ్మ తడికళ్ళతో వచ్చి చూసింది. "అవునా? మరి అమ్మ పెట్టె అంత తక్కువ తింటుందా?"

బీడీ కింద పడింది. ఫ్రీజరు నడిచే ఇంట్లో ఆ చుక్క రెండు సెకన్లకోసారి కొట్టుకోవాలి. ముప్ఫయ్యొక్క ఏళ్ళ లెక్క. వర్కీ లోపలికి పరుగెత్తి అద్దం మీద చెయ్యి పెట్టాడు. చల్లగా లేదు. పొద్దుననుంచీ పట్టి ఉన్న మంచు చెమట ఆరిపోయింది. అంచున బల్బులు మాత్రం హాయిగా మినుకుమంటున్నాయి. పెట్టె కింద చుట్టూ వేలాడుతున్న తెల్లగుడ్డ ఎత్తి చూశాడు. పెట్టె కిందనుంచి తీగలు రెండు. సన్నది టేపు చుట్టిన ప్లగ్గుకు. లావుది కిటికీలోంచి పెరట్లోకి.

ఫోనులో కుంజప్పన్ నింపాదిగా చెప్పాడు. "మీ గదిలో ఉన్నది చిన్న ప్లగ్గేగా చేట్టా? దానికి బల్బులు తగిలించా. పెట్టెకు పెద్దది కావాలి, మోటారు గుడిసెలో ఉంటే అందులో పెట్టా. ఓవర్‌లోడ్ కాకూడదని నువ్వేగా ఊరంతా చెప్తావ్!"

మూడింటినుంచి ఆరున్నర దాకా అమ్మచ్చిని చల్లబరిచే పెట్టె కరెంటు వర్కీ ముండు మడతలో ఉంది.

అతను గుడిసెకు పరుగెత్తాడు. లోడు తీయకుండా కటౌటు పెట్టకూడదన్నది అతను అందరికీ చెప్పే మొదటి మాట. అప్పుడది గుర్తు రాలేదు. ఎండాకాలం మోటారుకు మాటిమాటికీ కాలిపోతోందని ఆ కటౌటుకు లావు తీగ మూడు పేటలు చుట్టింది తనేనన్న సంగతీ గుర్తు రాలేదు. కటౌటు నొక్కాడు.

పాక వెలిగింది. రెండువేల బల్బులు, నాలుగు ఫోకస్ దీపాలు, జలపాతం. దేవదూత ఎగిరింది. సరిగ్గా గేటు దగ్గరికి వచ్చిన మార్కులవాళ్ళు ముగ్గురూ టోపీలు తీసేశారు. "చేట్టా!" అని తొమ్మచ్చన్ రెండు చేతులూ ఎత్తాడు. ఆరు సెకన్లు. ఏడో సెకనుకు గుడిసెలోంచి నీలిమంట, మీటరు పెట్టెలోంచి పొగ, వీధి చివర స్తంభం మీద తుపాకి పేలినట్టు చప్పుడు. ఇల్లు చీకటి, వీధి చీకటి, కాలవ అవతల తొమ్మిదో వార్డు చీకటి. ఒంటె ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

కరెంటాఫీసువాళ్ళు పొద్దునకు గాని రాలేమన్నారు. పొగ వచ్చిన మీటరు మార్చడానికి పండుగ వెళ్ళాలన్నారు. వర్కీ చాలామందికి చెప్పిన మాటే. చెప్పించుకోవడం మొదటిసారి.

చివరికి ఆదుకున్నది రేవులో చేపలమ్మే పొన్నన్. బండినిండా ఐసు తెచ్చాడు. అందరూ కలిసి దిమ్మలు పగలగొట్టి అమ్మచ్చి చుట్టూ పేర్చారు. చేపల ఐసు చేపల ఐసే. "కొత్తది దొరకలేదు చేట్టా. మత్తి చేపల కింద ఉన్నది తెచ్చా. కడిగాలే" అన్నాడు పొన్నన్. వర్కీ అతని చేతులు పట్టుకున్నాడు.

పొద్దున ఎనిమిదింటికి సిస్టర్ ఫ్లావియా దిగింది. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళింది. అమ్మచ్చి మొహం మారలేదు. పడుకున్నట్టే ఉంది. ఫ్లావియా వంగి నుదుటి మీద ముద్దు పెట్టి, అలాగే ఆగిపోయింది. గదిలో అందరికీ ఆ వాసన తెలుస్తూనే ఉంది.

"అమ్మ వాసన" అంది ఫ్లావియా. భుజాలు కదిలిపోయాయి. "బడినుంచి వస్తే మత్తి పులుసు కలిపిన చేత్తోనే దగ్గరికి తీసుకునేది. పదిహేడేళ్ళు ఈ వాసన ఎక్కడా తగల్లేదు అన్నయ్యా. ఎలా దాచావు?"

వర్కీ నేల చూశాడు. త్రేస్యామ్మ గోడ చూసింది. పొన్నన్ బయటికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఫ్లావియా కళ్ళు తుడుచుకుని చీకటి గదులూ, మసిపట్టిన మీటరూ చూసింది. "పండుగ పూట ఇంట్లో ఒక్క దీపమైనా లేదేం అన్నయ్యా?"

"ఓవర్‌లోడ్ కాకుండా చూశాను" అన్నాడు వర్కీ.