ఒక్క డాలర్ కూడా పోనివ్వను

వలసదారుల్ని పట్టుకునే పోలీసులకు ఖజానా నుంచి ఒక్క డాలర్ కూడా పోనివ్వనని ప్రతినిధుల సభ సభ్యులు గ్రేడన్ విట్లాక్ గారు ప్రకటించారు. పౌరహక్కులంటే ఆయనకు ప్రాణం. చికాగో ఇరవై ఆరో వీధిలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆయనే చెబుతుంటారు.

ఆ పోలీసులకిచ్చే నిధుల బిల్లు మీద ఓటింగు సాయంత్రం, వాషింగ్టన్‌లో. ఆ పొద్దున ఆయన టీవీవాళ్ళని వెంటబెట్టుకుని ఎలోదియా నడిపే బేకరీకి వచ్చారు. ఒక తీపి రొట్టె అంచు కొరికి, కెమెరా వైపు చూసి, మిగతాది పళ్ళెంలో పెట్టేశారు.

ఎలోదియాకి మనుషుల్ని తూచడం వచ్చు. పది రకాలు రుచి చూసి, బాగున్నాయని మెచ్చుకుని, ఉత్త చేతులతో పోయేవాణ్ణి గడపలోనే పోల్చుకోగలదు. అయినా ఆయన్ని రానిచ్చింది. కారణం ఫకుందో. వెనక వంటగదిలో రొట్టెలు కాల్చే అతనికి కాగితాల్లేవు. వంటగది తలుపు మీద 'ప్రైవేటు' అని పలక ఉంది. జడ్జి సంతకంతో వారంటు లేనిదే పోలీసులు అది దాటకూడదు. ఆ వీధిలో దుకాణానికొక తలుపు అలా కాపలా కాస్తోంది. కానీ తలుపు చెక్కదే కదా. సభలో మనిషొకడు మనవైపు ఉంటే నష్టమేముందని ఆమె లెక్క.

విట్లాక్ గారికి దుకాణం ముందు భాగం కంటికి ఆనలేదు. శ్రమజీవి కనబడాలన్నారు. వంటగదిలోకి వెళ్తే తలుపు కెమెరాకి అడ్డొచ్చింది. ఆయన సహాయకురాలు బ్రిన్ స్క్రూడ్రైవర్ తెప్పించింది.

"అది మాత్రం పీకకండమ్మా. మాకున్న లాయరు ఆ తలుపొక్కటే," అంది ఎలోదియా.

"రేపు పొద్దునే బిగించేస్తాం మేడమ్. హక్కుల పోరాటం వెలుతురులో జరగాలి కదా."

ఫకుందో మొహం పక్కకి తిప్పుకున్నాడు. విట్లాక్ గారు అతని భుజం పట్టుకుని కెమెరా వైపు తిప్పారు.

"భయపడకు తమ్ముడూ, నేనున్నాను."

"మీరుంటారు సార్. నేనుండాలి గదా."

అందరూ నవ్వారు. మాట బాగుందని మళ్ళీ చెప్పించారు. విట్లాక్ గారి కన్నీళ్ళు మాత్రం ఓ పట్టాన రాలేదు. ఎన్నోసారికో వచ్చేసరికి వాషింగ్టన్ విమానం వెళ్ళిపోయింది.

సాయంత్రం బిల్లు ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఒక్క ఓటు విలువేమిటో ప్రజలు ఇప్పటికైనా గుర్తించాలని విట్లాక్ గారు గంభీరంగా ఒక ప్రకటన విడుదల చేశారు.

మర్నాడు తలుపు బిగించేవాళ్ళకంటే పోలీసులే ముందొచ్చారు. లోపల ప్రైవేటని ఎలోదియా చేతులు చాపి అడ్డం నిలబడింది.

"ఏది ప్రైవేటు పెద్దమ్మా? తలుపే లేదు. నిన్న టీవీలో దేశమంతా లోపలికెళ్ళి చూసొచ్చిందిగా," అన్నాడు వాళ్ళ అధికారి, మర్యాదగానే.

చేతులకున్న పిండి కడుక్కోనివ్వమని ఫకుందో అడిగాడు. కడుక్కోనివ్వలేదు.

ఎలోదియా దుకాణం మూసి విట్లాక్ గారి ఆఫీసుకి పరుగెత్తింది. కబురు విని బ్రిన్ గబగబా లోపలికి పోయి చెప్పింది. ఇన్నేళ్ళలో నిర్బంధ కేంద్రం మొహం చూడని విట్లాక్ గారు ఎలోదియాని వెంటబెట్టుకుని అప్పటికప్పుడు కారెక్కారు. అంత పెద్దమనిషి స్వయంగా కదిలేసరికి, మనిషిని తక్కువ తూచానని ఎలోదియా తనని తానే తిట్టుకుంది. ఫకుందోని పెట్టిన కేంద్రం దగ్గర ఆమెని గేటు బయటే ఆపేశారు. ఎండలో నిలబడి, ఇద్దరూ కలిసే వస్తారని చూసింది.

ఆయనొక్కరే వచ్చారు, నవ్వుతూ.

"పనైపోయిందమ్మా. ఒప్పుకున్నాడు."

"పెద్ద అధికారా? ఎప్పుడు వదుల్తానన్నాడు సార్?"

"అధికారి కాదు, ఫకుందోనే. మన ఎన్నికల పోస్టరు మీద అతని ఫోటో వేసుకోవడానికి." విట్లాక్ గారు రుమాలు తీసి నుదురు అద్దుకున్నారు. "పాపం, అడక్కుండా వేస్తే అతని హక్కులకు భంగం కదమ్మా."